మంచం పట్టిన నాన్నకి హోమ్ చూస్తున్నాం, బాగా చూసుకుంటారో లేదో ముందే ఎట్టా తెలుస్తుంది?

కావలి_వాసి

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లెటూరు. నాన్నకి 76 ఏళ్ళు, జీవితమంతా వ్యవసాయమే. సంక్రాంతి తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, మనం చెప్పేది మాత్రం చాలావరకు అర్థమవుతుంది. నెల్లూరులో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు ముక్కుకి పైపు ఉండేది, ఇప్పుడు తీసేశారు, జావ, మెత్తగా పిసికిన అన్నం నోటితోనే తింటున్నాడు. డైపర్ వాడుతున్నాం. అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, ఆమె ఒక్కతే ఆయన్ని లేపి కూర్చోబెట్టలేదు. నేను బెంగళూరులో, అక్క ఒంగోలులో ఉంటాం. ఇంటికి మనిషిని పెట్టి చూశాం, ఒకాయన పండక్కి వెళ్ళి తిరిగి రాలేదు, తర్వాత వచ్చినామె రాత్రిళ్ళు ఉండనంది.

అందుకని ఇట్టాంటి పెద్దవాళ్ళని ఉంచుకుని చూసుకునే హోమ్‌లు చూడటం మొదలుపెట్టాం. రెండు తేలాయి. ఒకటి నెల్లూరు దాటాక హైవే పక్కన కొత్త బిల్డింగ్, లిఫ్ట్, ఏసీ గదులు, ప్రతి వరండాలో సీసీ కెమెరా, మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు, నెలకి ముప్పై వేల పైన అవుతుంది, డైపర్లు మందులు మనవే. రెండోది ఒంగోలులో పాత డాబా ఇల్లు, ఇరవై మంది లోపే ఉంటారు, ఏసీ లేదు, డబ్బు కాస్త తక్కువ. అక్క ఇంటికి దగ్గర. బంధువులు ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు, అసలు హోమ్‌లో చేర్చడమే తప్పన్నట్టు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, ఆ చర్చ ఇక్కడ వద్దు, మేం నిర్ణయించుకున్నాం.

నా ప్రశ్న ఒక్కటే. ఒక అరగంట వెళ్ళి చూసి వచ్చే మనిషికి అక్కడ నిజంగా ఎట్టా చూసుకుంటారో ఎట్టా తెలుస్తుంది? నాన్న ఫోన్ చేసి చెప్పలేడు. గూగుల్‌లో రివ్యూలన్నీ అయిదు చుక్కలే. దేన్ని చూడాలి, ఎవర్ని ఏం అడగాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

—

రిటైర్డ్_స్టాఫ్‌నర్స్_ఒంగోలు

బాబూ, నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయ్యాను, మెడికల్ వార్డులో ఎక్కువ కాలం ఉన్నాను, పక్షవాతం వాళ్ళని బాగా చూసినదాన్ని. నువ్వు చెప్పిన వాటిలో లిఫ్టూ ఏసీ పక్కన పెట్టు. వాళ్ళు నీకు చూపించేది ముందు గదుల్లో నడవగలిగిన పెద్దవాళ్ళని, టీవీ చూసేవాళ్ళని. నువ్వు అడగాల్సింది, "మీ దగ్గర పూర్తిగా మంచంలో ఉన్నవాళ్ళు ఎక్కడున్నారు, వాళ్ళ గదికి తీసుకెళ్ళండి" అని. నోరు లేని మనిషిని ఎట్టా చూస్తారో అదే ఆ హోమ్. మీ నాన్న రేపు ఆ మంచం మీదే ఉంటాడు కదా.

ఆ గదిలోకి వెళ్ళగానే వాసన. ఫినాయిల్ ఘాటుగా కొడుతుంటే దాన్నిబట్టి శుభ్రం అనుకోవద్దు, అడుగున మూత్రం వాసన తెలుస్తూనే ఉంటుంది. ఒక్కరు అప్పుడే మలానికి పోయి ఉంటే వాసన రావచ్చు, అది తప్పు కాదు, ఇంకో పావుగంటకి మళ్ళీ అటు వెళ్తే పోయి ఉండాలి. తర్వాత మనుషుల్ని చూడు. గోళ్ళు, నాలుక, పెదాలు. నాలుక ఎండి పగుళ్ళు పట్టి తెల్లగా పూత కట్టి ఉంటే నీళ్ళు పట్టడం లేదు, నోరు శుభ్రం చెయ్యడం లేదు అని అర్థం. మన దగ్గర ఎండలు తెలిసిందే కదా, నెల్లూరు ఒంగోలు రెండు చోట్లా మే నెలలో మంచంలో ఉన్న ముసలివాళ్ళకి ఒళ్ళు ఎండిపోవడం చాలా తొందరగా జరుగుతుంది, దాహమని వాళ్ళు చెప్పలేరు. నీళ్ళ గ్లాసు ఎక్కడుందో చూడు. పక్షవాతం మనిషికి పనిచేసే చేతి వైపు ఉండాలి. మీ నాన్నకి ఎడమ చెయ్యి బాగుంటే గ్లాసు, కాలింగ్ బెల్లు రెండూ ఎడమ వైపు ఉండాలి. గది అలంకారం కోసం కుడి వైపు బల్ల మీద పెట్టేసి ఉంటే ఆ గ్లాసు ఉన్నా లేనట్టే.

పడక పుండ్ల గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే చూసుకునే తీరు తెలిసిపోయేది ఇక్కడే. కదలని మనిషికి ఎముక పొడుచుకొచ్చే చోట, అంటే నడుము కింద త్రికం (పిరుదుల పైనుండే ఎముక) దగ్గర, తుంటి పక్కన, మడమల మీద, చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మొదట ఎర్రగా కందినట్టు కనపడుతుంది, వేలితో నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పర్వాలేదు, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. మన రంగు చర్మానికి ఆ ఎరుపు సరిగ్గా కనపడదు, చుట్టుపక్కల కంటే నల్లగానో, వేడిగానో, గట్టిగానో తగులుతుంది. కాబట్టి అక్కడ మేనేజర్‌ని సూటిగా అడుగు, "ఇప్పుడు మీ దగ్గర పడక పుండ్లు ఉన్నవాళ్ళు ఎంతమంది, ఇక్కడికి వచ్చాక పడినవి ఎన్ని, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే ఉన్నవి ఎన్ని" అని. ఒక్కరికీ లేవు అని గబగబా చెప్పేవాళ్ళ కంటే, "ఒకామెకి ఆసుపత్రి నుంచే తుంటి మీద పుండుతో వచ్చింది, రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం, ఇదిగో ఫోటోలు, తగ్గుతోంది" అని చెప్పేవాళ్ళని నేను నమ్ముతా.

పక్క మార్చే చార్టు ఉందా అని అడుగు. ఉంటే చేతిలోకి తీసుకో. నేను ఒకచోట చుట్టాల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు సాయంత్రం అయిదింటికి ఆ కాగితం చూస్తే రాత్రి పది గంటల గడి దాకా టిక్కులు పడి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్ను, ఒకే చెయ్యి. ఇంకా రాని గంటకి పక్క మార్చినట్టు రాసేశారు. అట్టాంటి చార్టు ఉన్నచోట మందుల చార్టు కూడా అట్టాగే రాస్తారు.

ఇంకొకటి, మనిషిని ఎట్టా లేపుతున్నారో చూడు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకు లాగి లేపితే భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది, దాని వల్ల ఫిజియోథెరపీ కూడా చేయించుకోలేరు. చంకల కింద చేతులు వేసి ఎత్తడం కూడా ప్రమాదమే. తెలిసిన ఆయా అయితే ముందు మోకాళ్ళు మడిచి, పక్కకి దొర్లించి, భుజం వెనకా తుంటి దగ్గరా పట్టు ఇచ్చి కూర్చోబెడుతుంది. అడగక్కర్లేదు, అక్కడ కాసేపు నిలబడితే ఎవరో ఒకర్ని లేపుతూనే ఉంటారు.

చూడ్డానికి వెళ్ళే టైము కూడా ముఖ్యం. పదకొండు గంటలకి అన్ని హోమ్‌లూ బాగుంటాయి. రాత్రి ఎనిమిది తర్వాతో, తెల్లవారి ఆరింటికో వెళ్ళు.

—

అమ్మ_కోసం

కావలి గారూ, నేను నెల్లూరు జిల్లాలోనే. మా అమ్మకి మతిమరుపు జబ్బు. మొదట చేర్చిన హోమ్ పేరు చెప్పను. బయట నుంచి చూస్తే చాలా బాగుండేది. అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు రాత్రిళ్ళు లేచి తిరిగేది, అరిచేది. అక్కడ చేరిన కొన్నాళ్ళకి మాకు వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా ప్రశాంతంగా పడుకుని ఉండేది, "అలవాటు పడిందమ్మా, ఇప్పుడేం గొడవ లేదు" అనేవాళ్ళు. మాకూ సంతోషంగా ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళా, అన్నం నోట్లో అట్టాగే పెట్టుకుని నిద్రపోతోంది. మింగకుండా. నేను వేలు పెట్టి తీశాను. మందుల డబ్బా అడిగి చూస్తే మా డాక్టరు రాసిన చీటీలో లేని నిద్ర మాత్ర ఒకటి ఉంది. ఎవరు రాశారంటే ఒకరి మీద ఒకరు చెప్పారు. నేను ఆ సాయంత్రమే అమ్మని ఇంటికి తెచ్చేశా.

అందుకని చెప్తున్నా, నిశ్శబ్దంగా ఉన్న హోమ్ మంచి హోమ్ అనుకోవద్దు. మధ్యాహ్నం పూట అందరూ మత్తుగా పడి ఉంటే అది నాకు భయం వేసే విషయం. మనుషులు ఉన్నచోట దగ్గు, పిలుపు, రేడియో, కోపం అన్నీ ఉంటాయి. మణికట్లు కూడా చూడండి, మంచం కమ్మీకి గాజుగుడ్డతో చెయ్యి కట్టేస్తారు కొన్నిచోట్ల, ఆ గీత చర్మం మీద ఉండిపోతుంది. మీ నాన్నగారిని చేర్చేటప్పుడు డాక్టరు చీటీ ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని, "ఇందులో లేని మాత్ర ఏది వేసినా ముందు నాకు ఫోన్ చెయ్యాలి" అని రాయించుకోండి. వెళ్ళినప్పుడల్లా మాత్రల షీట్లు ఫోటో తీసుకోండి, ఎన్ని మిగిలాయో లెక్క కడితే వేస్తున్నారో లేదో కూడా తెలుస్తుంది. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాళ్ళు మర్చిపోతే మళ్ళీ పక్షవాతం వచ్చే ప్రమాదం మీకే.

ఇప్పుడు అమ్మ ఉన్నచోట ఏసీ లేదు, గోడలకి పెచ్చులు కూడా ఊడి ఉన్నాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక ఆయా ఒక తాతకి జావ పడుతోంది. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో సగమే తీసుకుని నోట్లో పెట్టి, ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చుంది. గుటక పడ్డాకే రెండో చెంచా. మధ్యలో ఎవరో పిలిస్తే "తాత తింటన్నాడు, వస్తా ఉండు" అంది గానీ లేవలేదు. నాకు అంతకంటే ఏం అక్కర్లేదనిపించింది. మీ నాన్నగారికి పైపు ఈమధ్యే తీశారంటున్నారు కాబట్టి ఇది మీకు చాలా ముఖ్యం, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, మా అమ్మకి ఒకసారి వచ్చింది. కచ్చితంగా భోజనం వేళకే వెళ్ళండి.

—

నైట్_డ్యూటీ

అన్నా, నేను హోమ్‌లో కేర్‌టేకర్‌గా చేశాను, ఇప్పుడు వేరే పని. లోపలి విషయాలు చెప్తా.

పెద్దమ్మ చెప్పినవన్నీ కరెక్టే, కానీ ఆ చార్టు తప్పు రాసిన పిల్ల వైపు నుంచి కూడా ఒక మాట. రాత్రి నేను ఒక్కడినే, పై అంతస్తూ కింద అంతస్తూ కలిపి పాతిక మంది దాకా, అందులో సగం మంది మంచంలో. రెండు గంటలకోసారి అందరికీ పక్క మార్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, బరువున్న మనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఓనరు చార్టు నిండాలంటాడు, నిండుతుంది. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న రాత్రి ఎంతమంది డ్యూటీలో ఉంటారు అని. మొత్తం స్టాఫ్ ఎంతమంది అని అడిగితే వంటమనిషి, డ్రైవరు, వాచ్‌మన్ అందర్నీ కలిపి చెప్తారు. "ఈ రాత్రి డ్యూటీ ఎవరిది, ఆమె ఎక్కడ కూర్చుంటుంది, ఆమెతో ఒకసారి మాట్లాడతా" అనండి. ఆ మనిషి పొద్దున కూడా డ్యూటీ చేసి ఉంటే, అంటే ఇరవై నాలుగు గంటలు ఒకరితోనే లాగిస్తుంటే, రాత్రి రెండింటికి మీ నాన్న పిలిస్తే లేవదు. లేవలేదు పాపం.

ఆయాల్ని ఒకరిద్దర్ని విడిగా పలకరించి ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావమ్మా అని అడగండి. అందరూ నెలా రెండు నెలల వాళ్ళే అయితే అక్కడ జీతాలు సరిగ్గా ఇవ్వట్లేదని అర్థం, మనుషులు మారుతుంటే మీ నాన్న ఏది తింటాడు, ఏ వైపు పడుకుంటాడు అన్నది ఎవరికీ గుర్తుండదు. రెండు మూడేళ్ళ నుంచి ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ హోమ్ నడుస్తుంది.

డైపర్లు మీరే కొనివ్వాలి అన్నారు కదా. అక్కడ రెండు రకాలుగా జరుగుతుంది. మీరిచ్చిన ప్యాకెట్లు వేరేవాళ్ళకి వాడేస్తారు, లేదంటే తక్కువ ఖర్చు చూపిద్దామని రోజుకి రెండే మారుస్తారు. మలం అయితే వెంటనే, మూత్రమైతే రోజుకి నాలుగైదు సార్లయినా మార్చాలి, రాత్రి పదికి వేసింది పొద్దున ఏడుకి తీస్తే ఒళ్ళు పాసిపోతుంది. ప్యాకెట్ల మీద స్కెచ్ పెన్నుతో నాన్న పేరు రాయండి, వారానికి ఎన్ని ఖర్చయ్యాయో చూడండి. మరీ ఎక్కువైనా అడగాలి, మరీ తక్కువైనా అడగాలి.

ఇంకోటి, దీని గురించి ఎవరూ చెప్పరు. డైపర్ పని తప్పుతుందని కొన్నిచోట్ల అవసరం లేకపోయినా మూత్రానికి పైపు వేయించేస్తారు. ఇంటివాళ్ళకి "ఆయనకే సుఖం" అని చెప్తారు. ఆ పైపు ఎన్నాళ్ళుంటే అంత ఇన్‌ఫెక్షను. మూత్రం ఆగిపోవడమో, పుండు మీద పడుతుండటమో లాంటి కారణం డాక్టరు చెప్తే తప్ప ఒప్పుకోవద్దు. పైపు ఉన్నవాళ్ళ బ్యాగు నేల మీద పడి ఉందా, మంచానికి కింద వేలాడుతోందా చూడండి, కడుపు కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. దాన్ని బట్టి నేర్పిన వాళ్ళున్నారో లేదో తెలిసిపోతుంది.

చివరగా ఒక నిజం. ఇంటివాళ్ళు వచ్చిపోయే మనిషికి లోపల శ్రద్ధ ఎక్కువ దొరుకుతుంది. అట్టా ఉండకూడదు, కానీ ఉంటుంది. మీ అక్క ఒంగోలులోనే ఉందంటే ఆ పాత ఇంటికి అది పెద్ద బలం. ఏసీ కంటే అదే ఎక్కువ.

—

కావలి_వాసి

అందరికీ చాలా థాంక్స్. నర్సమ్మా, మీరు రాసింది ప్రింటు తీసుకున్నా. నైట్ డ్యూటీ తమ్ముడూ, మూత్రం పైపు సంగతి నాకు అస్సలు తెలియదు, నెల్లూరు హోమ్‌లో మేనేజర్ "అవసరమైతే పైపు వేయించేస్తాం సార్, డైపర్ ఖర్చు తగ్గుతుంది" అన్నాడు, అప్పుడు మంచి మాటే అనుకున్నా.

ఇంకో రెండు సందేహాలు. సీసీ కెమెరా ఫోన్‌లో చూసుకోవచ్చు అంటున్నారు, అది ఎంతవరకు పనికొస్తుంది? రెండోది కాగితాలు. లైసెన్స్ లాంటిది ఏం అడగాలి, అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలి? ఏదన్నా తేడా వస్తే ఎక్కడికి వెళ్ళాలి?

—

పాత_గుమాస్తా

సార్, కలెక్టరేట్‌లో పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి కాగితాల వరకు చెప్పగలను.

వృద్ధాశ్రమం పెట్టేవాళ్ళలో చాలామంది సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేయించుకుంటారు. వైద్యం చేస్తాం, సెలైన్లు ఎక్కిస్తాం, ఆక్సిజన్ పెడతాం అని చెప్తుంటే మాత్రం అది వేరే లెక్క, ప్రైవేటు ఆసుపత్రులకీ నర్సింగ్ హోమ్‌లకీ 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. కాబట్టి ఏ సేవ చేస్తామంటున్నారో దానికి తగ్గ కాగితం అడగండి. చూపించడానికి ఇబ్బంది పడేవాళ్ళతో మొదటిరోజే తేల్చుకోవడం మంచిది. "డాక్టరు ఆన్ కాల్" అన్న మాట దగ్గర ఆగి, ఏ డాక్టరు, వారంలో ఏ రోజు వస్తారు, వచ్చినప్పుడు ఎక్కడ రాస్తారు, ఆ పుస్తకం చూపించండి అనండి. రాత్రిపూట ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వాళ్ళ బండా, 108కి ఫోన్ చేస్తారా, వెంట ఎవరు వెళ్తారు, మీరు వచ్చేదాకా డబ్బు ఎవరు కడతారు, ఇవన్నీ అగ్రిమెంట్‌లో ఉండాలి. అడ్వాన్స్ ఎప్పుడు ఎంత తిరిగి ఇస్తారో రాసి ఉండాలి, మధ్యలో తీసుకెళ్తే మిగిలిన రోజుల డబ్బు సంగతి కూడా. నెలబిల్లులో ఏవి కలిసి ఉన్నాయో ఏవి విడిగానో, ఫిజియోథెరపీ, డ్రెస్సింగు, ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు) అద్దె, అన్నీ పేరు పేరునా రాయించండి.

డబ్బు వైపు రెండు విషయాలు. మీ నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయవందన కార్డు తీసుకోవచ్చు, 2024 అక్టోబరులో మొదలైంది, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. హోమ్ నెలఖర్చుకి రాదు, ఆ రెండూ కలిపి మాట్లాడే ఏజెంట్ల మాట వినొద్దు. రెండోది, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 15,000 పింఛను ఉంది, మామూలు వృద్ధాప్య పింఛను 4,000. వైద్యుల ధ్రువపత్రం కావాలి, మీ భూమి ఆదాయం లెక్కలు నిబంధనల్లోకి రావాలి. మీ ఊరి సచివాలయంలో అడగండి, హోమ్ వేరే జిల్లాలో ఉంటే పింఛను అందుకోవడం ఎట్టాగో కూడా అప్పుడే అడిగేయండి.

తేడా వస్తే ముందు 14567కి ఫోన్ చెయ్యండి, అది వయోవృద్ధుల కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖ కార్యాలయం ఉంటుంది, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినా అక్కడికే వస్తుంది. డబ్బు తీసుకుని చెప్పిన సేవ చెయ్యకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, అందుకే రసీదులు, అగ్రిమెంట్, ఫోటోలు పోగొట్టుకోవద్దు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది గానీ అది పిల్లలు చూడనప్పుడు పెద్దవాళ్ళు వెళ్ళే చోటు, హోమ్ మీద ఫిర్యాదుకి కాదు. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు.

ఒక మాట అదనంగా, అడిగారు కాబట్టి కాదు. హోమ్‌కి ఆస్తి రాసిస్తే జీవితాంతం చూస్తాం అనేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. ఎంత బాగా మాట్లాడినా సంతకం పెట్టొద్దు. నెలనెలా డబ్బు కట్టే దారిలోనే ఉండండి, వద్దనుకున్నరోజు బయటికి రాగలగాలి.

—

అమ్మ_కోసం

కెమెరా గురించి నేను చెప్తా. వరండాలో కెమెరా వల్ల మీకు తెలిసేది వరండాలో ఎవరు నడుస్తున్నారన్నదే. గదిలో పెడితే ఒళ్ళు తుడిచేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు కూడా అది నడుస్తూనే ఉంటుంది, మీ నాన్నగారి పక్క మంచం మనిషి కూడా అందులో ఉంటాడు, ఆయన ఇంటివాళ్ళని అడిగారా? ఆ రికార్డింగ్ ఎవరి ఫోన్‌లో ఉంటుందో అడగండి. నేను కెమెరా బదులు వీడియో కాల్ అడుగుతా, కానీ వాళ్ళు చేసే టైముకి కాదు, నేను చేసిన టైముకి. కెమెరా అమ్మ ముఖం మీద కాకుండా ఒకసారి మడమలు చూపించమంటా, ఒకసారి నాలుక. మొదట విసుక్కున్నారు, ఇప్పుడు ఫోన్ ఎత్తగానే వాళ్ళే దుప్పటి తీసి చూపిస్తారు.

ఇంకోటి, కరెంటు పోతే జనరేటర్ ఉందా, ఎయిర్ బెడ్ పంపు దాని మీద నడుస్తుందా అడగండి. నవంబరు తుపాన్లకి మన తీరంలో కరెంటు రోజంతా లేకుండా పోవడం మీకు తెలియంది కాదు. పంపు ఆగితే ఆ పరుపులో గాలి పోయి మనిషి గట్టి చెక్క మీద ఉన్నట్టే.

—

కావలి_వాసి

వెళ్ళొచ్చాం, అందుకే మళ్ళీ రాస్తున్నా, నాలాగా వెతికేవాళ్ళకి పనికొస్తుందని.

నెల్లూరు దానికి ఈసారి ఫోన్ చెయ్యకుండా రాత్రి భోజనాల వేళకి వెళ్ళా. గేటు దగ్గరే ఆపారు, విజిటింగ్ టైము కాదన్నారు. చేర్చబోయే మనిషి కొడుకుని అని చెప్పి బతిమాలితే మేనేజర్‌కి ఫోన్ చేసి పంపారు. మంచంలో ఉన్నవాళ్ళంతా రెండో అంతస్తులో. అక్కడ ఒక్క అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, ట్రాలీ మీద గిన్నెలన్నీ పెట్టుకుని ఒక్కొక్కరికి పెడుతోంది. ఆ పిల్లని తప్పు పట్టలేను, పరిగెత్తుతోంది. కానీ ఒక పెద్దాయనకి పడుకోబెట్టే అన్నం పెడుతోంది, ఆయన దగ్గుతున్నాడు. చార్టు అడిగితే ఆఫీసులో ఉందన్నారు, ఆఫీసు తాళం వేసి ఉంది.

ఒంగోలు దానికి అక్కతో కలిసి తెల్లవారుజామున వెళ్ళా. తలుపు తీసింది రాత్రి డ్యూటీ ఆయమ్మే, లోపలికి రండి, చెప్పులు విప్పండి అంది. ఇద్దరు ఉన్నారు రాత్రికి, పదహారు మందికి. ఆమె ఏడేళ్ళ నుంచి చేస్తోందట. పడక పుండు ఉన్నవాళ్ళు ఒకరున్నారని అడగ్గానే చెప్పింది, ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాకే చూపించింది. చార్టు గోడకి తగిలించి ఉంది, నాలుగు గంటల గడి దాకానే నిండి ఉంది, ఒకచోట "తిప్పనివ్వలేదు, నొప్పి అన్నాడు" అని రాసి ఉంది. అది చదివాక అక్క నా వైపు చూసింది. లోపాలు లేవని కాదు. స్నానాల గది గడప ఎత్తుగా ఉంది, చక్రాల కుర్చీ లోపలికి పోదు, మంచం మీదే ఒళ్ళు తుడుస్తారట. ఫిజియోథెరపీ ఆయన వారానికి మూడు రోజులే వస్తాడు, మిగతా రోజులకి మేం విడిగా ఒకర్ని మాట్లాడుకుంటాం. జనరేటర్ లేదు, ఇన్వర్టర్ ఉంది, ఎయిర్ బెడ్ దాని మీద నడుస్తుందన్నారు, తీసి చూపించారు.

ముందు ఒక నెలకి మాట్లాడాం, అగ్రిమెంట్ పాత గుమాస్తా గారు చెప్పినట్టు రాయించాం. చేర్చే రోజున ఒంటి మీద ఎక్కడేం ఉందో ఇద్దరం కలిసి చూసి ఫోటోలు తీసి సంతకాలు పెట్టాలని వాళ్ళే అన్నారు. అమ్మ కూడా మొదటి నాలుగు రోజులు అక్క ఇంట్లో ఉండి రోజూ భోజనం వేళకి వెళ్తానంది.

నర్సమ్మా, మీకు ఒక్క ప్రశ్న. ఎయిర్ బెడ్ మేం కొని ఇస్తున్నాం. అందులో గాలి సరిపోయిందో లేదో అక్క ఎట్టా చూడాలి? బరువు చూడటానికి వాళ్ళ దగ్గర మామూలు మిషనే ఉంది, నాన్న నిలబడలేడు, దానికేం చెయ్యాలి?

—

రిటైర్డ్_స్టాఫ్‌నర్స్_ఒంగోలు

"తిప్పనివ్వలేదు" అని రాసిన చార్టు నిజం చార్టే బాబూ, సంతోషం.

బరువుకి బదులు టేపు కొనుక్కోండి, టైలర్ల టేపు చాలు. పడిపోని చెయ్యి, అంటే ఎడమ చెయ్యి, భుజం ఎముక చివరి నుంచి మోచేయి చివరికి కొలిచి సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ చుట్టుకొలత తీసి రాసుకోండి. నెలకోసారి అదే చోట. తగ్గుతూ వస్తుంటే తిండి చాలడం లేదు. బరువు తూచే వీలు కుదిరిన నెలలో, ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు అక్కడ తూయించినా సరే, నెలలో నూటికి అయిదు వంతులు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, డాక్టరుకి చూపించాలి.

ఎయిర్ బెడ్‌కి పంపు మీద బరువు నంబరు ఉంటుంది, నాన్న బరువుకి తగ్గట్టు తిప్పాలి, గట్టిగా ఉంటే మంచిదని చివరిదాకా తిప్పేస్తారు, అప్పుడు దాని వల్ల లాభం లేదు. పైన ఒక్క పలచటి దుప్పటే వెయ్యాలి, మందం బొంతలూ రబ్బరు షీట్లూ వేస్తే గాలి పని చెయ్యదు. సరిపోయిందో లేదో చూడాలంటే నాన్న పడుకుని ఉండగా అక్కని అరచెయ్యి పైకి పెట్టి ఆ గాలి పరుపు కిందికి, సరిగ్గా నడుము ఎముక వచ్చే చోటికి పోనివ్వమను. చేతికీ ఆయన ఎముకకీ మధ్య ఒక అంగుళం మందమన్నా గాలి తగలాలి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలదు, వెంటనే పెంచమను. ఎయిర్ బెడ్ ఉంది కదా అని పక్క మార్చడం మానకూడదు, ఆ ఆయమ్మకి తెలిసే ఉంటుంది, అయినా చెప్పమను. మడమల కోసం మాత్రం పిక్కల కింద మెత్తటి దిండు పెట్టి, మడమలు దేనికీ తగలకుండా గాలిలో ఉంచమను.